పొలానికి కుక్క కావాలా? ముందు పని చూపించండి



పై వీడియోలో ఒడ్డు మీద మట్టి వెనక్కి చిమ్ముతూ, తోక మాత్రమే కనబడుతున్నది మా రాణి. అవతలి పక్క చెవులు నిక్కబొడుచుకుని కదలకుండా నిలబడ్డది కర్రోడు. వరి కోత అయినాక పందికొక్కుల బొక్కలు తవ్వించినప్పటి వీడియో ఇది. ఇంతకు ముందు ఇట్లాంటిదే ఒకటి పెట్టినప్పుడు చాలా ఫోన్లు వచ్చాయి. ఎలుకల గురించి అడిగినవాళ్లు తక్కువ. "అన్నా, అది ఏం జాతి? పిల్లను ఎంతకిస్తవు?" అనేవాళ్లే ఎక్కువ. జాతి ఏమీ లేదు, ఊరకుక్కలే. పిల్లలు లేవు, ఇక రావు కూడా. రెండిటికీ ఆపరేషన్ అయింది. ఆ మాట చెప్పగానే అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత, "అయ్యో, అంత మంచి కుక్కకు ఆపరేషన్ ఎందుకు చేయించినవే?"

ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తా. పొలంలో, ఊళ్లో ఎన్ని కుక్కలకు పని, తిండి, యజమాని ఉంటారో అన్ని పిల్లలే పుట్టాలి. కుక్క ఎంత మంచిదైనా, ఎంత గొప్ప జాతిదైనా ఈ లెక్క మారదు. లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు, కొల్లేరు దాకా పోతే చాలు. అక్కడికి వస్తా.

ముందు ఈ "టెర్రియర్" సంగతి. హైదరాబాద్ నుంచి మా నర్సాపూర్ వైపు వచ్చి ఎకరం, రెండెకరాలు కొని ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లు ఈ మధ్య టెర్రియర్ కావాలని అడుగుతున్నారు. లాటిన్‌లో టెర్రా అంటే నేల. నేలలో బొరియ చేసుకున్న నక్కనో ఎలుకనో దూరి బయటికి తోలే కుక్క కాబట్టి ఆ పేరు వచ్చింది. అంటే అది అసలు పని పేరు, జాతుల పేర్లు ఆ తర్వాత వచ్చినవే. జాక్ రస్సెల్ అనే చిన్న తెల్ల కుక్క ఉంది కదా, 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో జాన్ రస్సెల్ అనే పాస్టర్ నక్కల వేట కోసం పెంచిన కుక్కల వంశం అది. ఇప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని రిబ్బన్లు కట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ఒకప్పుడు మిల్లుల్లో ఎలుకలు పట్టినదే. పిట్‌బుల్ పేరు చివర కూడా టెర్రియర్ ఉంటుంది గానీ, దాన్ని తయారు చేసింది పోరాటాల కోసం. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద నిషేధం పెట్టాలని రాష్ట్రాలకు రాసిన లేఖలో దాని పేరుంది. తర్వాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది, అది వేరే కథ. నేను చెప్పేదేంటంటే, చలి దేశంలో నక్క బొరియ కోసం తయారైన కుక్కకు మెదక్ ఎండల్లో, గుంట నక్క కూడా కనబడని రెండెకరాల మామిడితోటలో ఏం పని? పని లేని టెర్రియర్ ఊరికే కూర్చోదు. డ్రిప్పు పైపులు కొరుకుతుంది, కోళ్ల వెంట పడుతుంది, మల్చింగ్ కింద గుంతలు తీస్తుంది. అప్పుడు దాన్ని తెచ్చినాయనే "ఇది పనికిరాదు" అని రోడ్డు మీద దింపేసి పోతాడు. నర్సాపూర్ అడవి గుండా పోయే రోడ్డు మీద కోతులకు అరటిపండ్లు వేసేవాళ్లను అందరూ చూసే ఉంటారు. అదే రోడ్డు మీద మెడకు బెల్టు ఉండి, వచ్చే ప్రతి కారు వెంట ఉరికే కుక్కలను నేను చూశాను.

ఇక కొల్లేరు. నర్సాపూర్ అంటే రెండున్నాయి. మాది మెదక్ నర్సాపూర్. ఇంకోటి పశ్చిమగోదావరి నరసాపురం. పేరు కలిసినందుకే ఏమో, ఆ వైపు కుక్క ఒకదాని మీద నాకు చాలా రోజులుగా మనసుంది. దాని పేరు జొనంగి. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. వెంట్రుక చాలా పొట్టి, నుదుటి మీద ముడతలు, తోక వంకీ తిరిగి ఉంటుంది. మామూలు కుక్కలాగా మొరగదు, రాగం తీసినట్టు కూస్తుంది. ఇంట్లో ఒక్కరికే ఎక్కువ మాలిమి అవుతుంది. చేపలు, ఎండ్రకాయలు తిని బతకగలదు. నేల తవ్వడంలో దాన్ని మించింది లేదు. పిల్లలు పెట్టడానికి, ఎండకు చల్లగా పడుకోవడానికి పెద్ద పెద్ద గుంతలు తీసుకుంటుంది. మన దగ్గర నేల కుక్క అనే మాట ఏ కుక్కకైనా నప్పుతుందంటే ఈ జొనంగికే.

దాని ఉద్యోగం చిన్న జంతువుల వేట, దాంతో పాటు బాతులు కాయడం. కొల్లేరు చుట్టూ బాతుల మందలుండేవి. కోత అయిన మడుల్లోకి బాతులను తోలితే రాలిన గింజ, నత్తలు, పురుగులు ఏరుకు తింటాయి, పోతూ పోతూ పేడ వేసిపోతాయి. ఇవాళ మనం ప్రకృతి వ్యవసాయం అంటున్న దాంట్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పాఠం. జపాన్ రైతు తకావో ఫురునో వరిలో బాతులు పెంచే పద్ధతితో ప్రపంచానికంతా తెలిశాడు. ఆయనకు మొదట్లో వచ్చిన పెద్ద తిప్పల కుక్కలు బాతులను పట్టుకుపోవడమే, కరెంటు కంచె వేసుకున్నాక గానీ తీరలేదు. మన కొల్లేటి రైతు చేతిలో ఆ కుక్కే కాపలాదారు. మందను తోలాలి, చెదిరిన బాతును తిప్పుకు రావాలి, నోట కరిచినా పన్ను దిగకూడదు. పన్ను దిగిన కుక్కను ఎవరూ ఉంచుకోరు, దాని పిల్లలనూ ఎవరూ అడగరు. పుస్తకం, సర్టిఫికెట్ ఏమీ లేకుండా తరాల తరబడి అట్లా ఏరుకుంటూ పోతే తయారైన జాతి అది.

తర్వాత చేపల చెరువులు వచ్చాయి. 1980, 90లలో కొల్లేరు నడుమ దాకా గట్లు వేశారు. 1999లో ప్రభుత్వం కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. ఇదంతా పేపర్లలో వచ్చింది. పేపర్లలో రానిది కుక్క సంగతి. మడులు చెరువులయ్యాక బాతులు తగ్గాయి, బాతులు తగ్గాక కుక్కకు పని పోయింది. అంతే కాదు, నిన్నటి దాకా బాతులు కాసిన కుక్క ఇవాళ చెరువులో చేప తింటుంది, గట్టు తవ్వుతుంది. దాని గుణాలన్నీ ఒక్కసారిగా దోషాలయ్యాయి. ఊళ్లు దాన్ని వదిలేశాయి. గట్ల మీద గుంతల్లో తనంతట తాను బతికే కుక్క అయింది, ఊరకుక్కలతో కలిసిపోయింది.

2020 ఆగస్టు 30న ప్రధాని మన్ కీ బాత్‌లో దేశీ కుక్కలను పెంచండని చెబుతూ ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై, హిమాచలి కుక్కల పేర్లు చెప్పారు. ఆ వరసలో మన జొనంగి లేదు. ఆ తర్వాత దేశీ కుక్కలకు గిరాకీ పెరిగింది, ఇప్పుడు జొనంగి పిల్లలు కావాలని కూడా అడుగుతున్నారు. మంచిదే. కానీ బాతులు తెచ్చుకోకుండా బాతులు కాసే కుక్కను తెచ్చుకుంటే దాన్ని కాపాడినట్టా? ఫొటోలో నుదుటి ముడతలు చూసి పిల్లలు పెట్టిస్తూ పోతే నాలుగు తరాల్లో ముడతలు మిగులుతాయి, కుక్క పోతుంది. ఎవరైనా బాతులు, వరి, కుక్క మూడూ కలిపి మళ్లీ నిలబెడతానంటే మాత్రం నేను ముందు వరుసలో నిలబడి చూస్తా.

మా వైపుకు వద్దాం. మెదక్‌లో మొదటి నుంచీ పని కుక్క అంటే గొల్లకుర్మల మంద వెంట ఉండే కుక్కే. గొంగడి మీద పడుకున్న కాపరి లేచేలోపే తోడేలును పసిగట్టేది. దానికి జాతి పేరు ఎవరూ పెట్టలేదు. మా రాణి, కర్రోడు కూడా అట్లాంటి ఊరకుక్కల రక్తమే. రాణి రోడ్డు పక్క దొరికింది, కాలికి దెబ్బతో. కర్రోడిని ఊళ్లో ఒక పెద్దమ్మ ఇచ్చింది.

ఎలుకల పని వివరంగా చెప్తా, ఎందుకంటే "కుక్క ఎలుకలు పడుతుందా" అని నమ్మనోళ్లు చాలామంది. వరి పొలంలో మనకు పెద్ద శత్రువు పందికొక్కు. బొక్క ముందు కొత్త మట్టి కుప్ప పోసి ఉంటుంది, లోపల వరి కంకులు దాచుకుంటుంది. ఇంకో పక్క తప్పించుకునే దారి ఒకటి, పైన పలుచగా మట్టి కప్పి కనబడకుండా ఉంచుతుంది. మనిషి ఒక్కడే గడ్డపార పట్టుకుని తవ్వితే అది ఆ దొంగదారిన పోతుంది. కుక్కలు రెండుండాలనేది ఇందుకే. ఒకటి తవ్వేది, ఇంకోటి నిలబడేది. ఈ రెండు గుణాలు ఒకే కుక్కలో దొరకవు. తవ్వే కుక్కకు ఓపిక ఉండదు, నిలబడే కుక్కకు తొందర ఉండదు. రాణి ముక్కు బొక్కలో పెట్టి రెండుసార్లు చీదితే లోపల ఎలుక ఉన్నట్టు. ముక్కు తీసేసి నడిచిపోతే ఖాళీ. ఆ ఖాళీ బొక్కను మనం తవ్వే పని తప్పింది, గట్టు కూడా పాడు కాలేదు. నాకు కుక్కతో జరిగే అసలు లాభం ఇదే.

ముందు రోజు సాయంత్రం గట్ల మీది బొక్కలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారి తెరిచి ఉన్నవి మాత్రమే బతికున్నవి. వాటి దగ్గరికే కుక్కను తీసుకుపోండి. పంట చిరుపొట్ట దశకు రాకముందే ఒకసారి, కోత కాగానే ఒకసారి. పొట్ట దశలో మొదలుపెడితే ఆలస్యమే, అప్పటికే పిల్లలు పెట్టి ఉంటాయి. వెంట వెంటనే ఈనే జంతువు అది. ఒక్కడి పొలంలో చేస్తే పక్క పొలంలోంచి వారంలో వచ్చేస్తాయి కాబట్టి ఆయకట్టు కింద అందరూ కలిసి చేయాలి. గట్లు వెడల్పుగా, ఎత్తుగా ఉంటే బొక్కలు ఎక్కువ, సన్నగా చెక్కితే తక్కువ. గుడ్లగూబలు వాలడానికి కట్టెలు పాతండి. కుక్క ఒక్కటే ఎలుకల సమస్య తీరుస్తుందని నేను చెప్పను, ఎవరైనా చెబితే నమ్మొద్దు. నెల్లూరు వైపు యానాదులు కుండలో గడ్డి పెట్టి పొగ ఊది ఎలుకలు పట్టేవాళ్లు. వాళ్ల చేతి పని ముందు నా కుక్కలు చిన్న పిల్లలే.

మందు పెట్టిన పొలంలోకి మాత్రం కుక్కను తీసుకుపోవద్దు. జింక్ ఫాస్ఫైడ్ తిన్న ఎలుకను కుక్క మింగితే దానికి విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ బిస్కెట్లు తిన్న ఎలుకలు రోజుల తరబడి నెమ్మదిగా తిరుగుతూ ఉంటాయి, కుక్కకు సులువుగా దొరుకుతాయి. నాలుగైదు రోజులకు కుక్క చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తే అదే అనుకోవాలి. డాక్టర్ దగ్గర విటమిన్ కె1 ఉంటుంది, వారాల పాటు వాడాలి, త్వరగా పోతే బతుకుతుంది. మనం మందు కొట్టకపోయినా పక్కాయన కొడతాడు. కాబట్టి కుక్క పని మొదలుపెట్టే ముందు చుట్టు పొలాల వాళ్లను అడగడం మర్యాద కాదు, అవసరం. ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకూ వస్తుంది, మనకూ వస్తుంది. బురదలో చేతులు పెట్టి చచ్చిన ఎలుకలు ఎత్తే పని ఉంటే గ్లౌజులు వేసుకోండి.

అడవిపందుల మాట. మక్క చేనుకు పందులు రాకుండా కుక్కలు కావాలని అడిగేవాళ్లకు నా సలహా, కుక్క మొరగాలి, తలపడకూడదు. మగపంది కోరతో ఒక్కసారి ఎత్తితే కుక్క పేగులు బయటపడతాయి. రాత్రిపూట వదిలిపెట్టిన కుక్కకు ఉచ్చులున్నాయి, కరెంటు తీగలున్నాయి, పందుల కోసం పెట్టే నాటు బాంబులున్నాయి. కరెంటు తీగ పెట్టడం నేరం, దాని వల్ల మనుషులే చచ్చిపోతున్నారు. మెదక్ అడవుల్లో చిరుతలున్నాయి, చిరుతకు కుక్క ఇష్టమైన కూడు. మా దగ్గర చీకటి పడితే కుక్కలు కొట్టం పక్కన జాలీ లోపలే. అక్కడి నుంచి మొరిగినా నాకు వినబడుతుంది, లైటు వేసుకుని నేను పోతా.

పగలు కూడా అడవిలోకి ఉసిగొల్పొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, తోలడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. కుందేలు వెనక కుక్కను వదిలి వీడియో తీసి పెట్టేవాళ్లు తమ మీద తామే సాక్ష్యం తయారు చేసుకుంటున్నారు. ఉడుము, నెమలి అయితే మొదటి షెడ్యూల్‌లోవి. రోగాల సంగతి ఇంకా ఉంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చచ్చిపోయినప్పుడు వాటిలో కొన్నిటికి కెనైన్ డిస్టెంపర్ అని తేలింది. కుక్కల్లో మామూలుగా తిరిగే వైరస్ అది. అడవి అంచున వ్యవసాయం చేసేవాళ్లం, మన కుక్కకు టీకా వేయిస్తే అడవికి కూడా వేయించినట్టే.

ఇప్పుడు ఆ ఫోన్ ప్రశ్న దగ్గరికి. "అంత మంచి కుక్కకు ఆపరేషన్ ఎందుకు?"

ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకొస్తుంది, రెండు నెలల పైన మూడు రోజులు మోస్తుంది, ఒక ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు. రాణి పిల్లలు పెడితే ఆరుగురు అడుగుతారు, ఇద్దరు తీసుకుపోతారు. తీసుకుపోయినవాళ్లు మగపిల్లనే అడుగుతారు. మిగిలిన ఆడపిల్లలు ఏడాది తిరిగేసరికి మళ్లీ ఈనుతాయి, గుడి దగ్గరో, చికెన్ సెంటర్ దగ్గరో. తల్లి గుణం పిల్లలన్నిటికీ రాదు. ఆరింట్లో ఒకటో రెండో తవ్వుతాయి. తక్కినవి? పని కోసం పిల్లలు పెట్టించేవాడు ఈ "తక్కినవి" అనే మాటకు జవాబు ముందే పెట్టుకోవాలి. నా దగ్గర జవాబు లేదు, అందుకే ఆపరేషన్. పని తగ్గుతుందనే భయం వద్దు. వీడియోలో తవ్వుతున్న రాణికి ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. ఎదకొచ్చినప్పుడు పది మగకుక్కలు పొలం చుట్టూ కొట్లాడుకోవడం, కర్రోడు మూడు రోజులు కనబడకుండా పోవడం, ఆ తిప్పలన్నీ పోయాయి.

నిజంగా పిల్లలు పెట్టించాలి, జాతి నిలబెట్టాలి అనుకునేవాళ్లను నేను వద్దనను. వాళ్లు లేకపోతే జొనంగి లాంటివి మిగలవు. కానీ 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చదవండి. అమ్మకానికి పిల్లలు పెట్టించేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. తల్లికి 18 నెలలు నిండాలి, 8 ఏళ్లు దాటకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, బతుకు మొత్తంలో ఐదుకు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా కొనొద్దు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర పెరిగిన పిల్లకే ఎంత గట్టిగా కరవొచ్చో తెలుస్తుంది. కోళ్లు, మేకలు, చిన్న పిల్లలు ఉన్న పొలంలో ఆ ఒక్క గుణం జాతి కంటే ఎక్కువ. కొనేముందు తల్లిని చూపించమనండి, పని చేస్తుంటే చూపించమనండి. ఇచ్చేటప్పుడు నేనైతే ఒక షరతు పెడతా, నీకు కుదరకపోతే నాకే తెచ్చి ఇవ్వాలి, రోడ్డు మీద కాదు. అది ఒప్పుకోనివాడికి పిల్లను ఇవ్వకపోవడమే పెంపకందారుడి బాధ్యత.

వదిలేసిన కుక్కను తెచ్చుకునేవాళ్లు వచ్చిన రోజే పొలంలో వదలకండి. రెండు వారాలు విడిగా ఉంచండి. పార్వో, డిస్టెంపర్ ఉంటే ఈలోగా బయటపడతాయి. డీవార్మింగ్, టీకాలు, తర్వాత ఆపరేషన్. కోళ్ల దగ్గరికి తాడుతోనే, నెల రోజులు. కొన్ని కుక్కలు కోళ్ల విషయంలో మారవు. వాటిని తిట్టి కొట్టి లాభం లేదు, కోళ్లు లేని ఇల్లు చూడాలి. ఆపరేషన్‌కు మా వైపు వాళ్లకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, గంటన్నర ప్రయాణం. హైదరాబాద్‌లో అక్కినేని అమల గారు 1992లో పెట్టిన బ్లూ క్రాస్ ఉంది. ముందు ఫోన్ చేసి పోండి. ఊరకుక్క చెవి కొన గాటు పెట్టి ఉంటే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. దాన్ని ఊరి నుంచి తరిమితే ఆ జాగాలోకి ఆపరేషన్ కానిది వస్తుంది.

మన ప్రకృతి వ్యవసాయ మిత్రులతో కొంచెం గట్టిగా మాట్లాడాల్సిన సంగతి ఒకటుంది. టీకాలు కెమికల్ అని, వేపాకు, పసుపుతో సరిపెడతామని కొందరంటున్నారు. పంటకు నీమాస్త్రం నేనూ కొడతా. రేబిస్‌కు నీమాస్త్రం లేదు. లక్షణాలు కనబడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడ్డవాళ్లు ప్రపంచంలోనే అతి కొద్దిమంది. పిల్లకు మూడు నెలలకు మొదటి టీకా, డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, తర్వాత ప్రతి ఏడాది. పార్వో, డిస్టెంపర్, లెప్టో కలిపి ఉండే టీకా ఆరు వారాల నుంచే మొదలవుతుంది. కరిస్తే కారం, సున్నం, పసరు పూయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగాలి. మధ్యలో డోసు ఎగ్గొట్టొద్దు.

పశువుల వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఆవు మేత మానేసి, నోటి వెంట చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెడతారు. కుక్క కరిచి రేబిస్ వచ్చిన ఆవుకూ అవే లక్షణాలు. డాక్టర్ వచ్చేదాకా చెయ్యి పెట్టొద్దు.

జాతరకు, పండక్కి యాటను కోసినప్పుడు పచ్చి పేగులు, కాలేయం కుక్కలకు వేయడం మనకు అలవాటు. వాటిలోని నీటి బుడ్డల నుంచి కుక్క కడుపులో బద్దెపురుగు తయారై, దాని గుడ్లు కుక్క పెంట ద్వారా ఆకుకూరల మీదికి, మన కడుపులోకి వస్తాయి. మనిషి కాలేయంలో బుడ్డలు కడతాయి. ఉడకబెట్టి వేయండి, లేదా లోతుగా పాతండి. కుక్క పెంట కంపోస్టులోకి, కూరగాయ మడుల్లోకి రానివ్వొద్దు. తిండికి నూకల గటక, గుడ్డు, ఉడికించిన చేప తలకాయలు మా కుక్కలకు సరిపోతున్నాయి. ఉత్త అన్నం, చారు పోసి పని చేయమంటే చేయదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ఇంత పొడుగ్గా రాస్తున్నానంటే, ఊళ్లలో కుక్కల మీద కోపం పెరుగుతోంది. ఆ కోపం ఊరికే రాలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని కుక్కలు చంపిన వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. ఏడాది తిరిగాక, 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఇటు పిల్లలు, అటు కుక్కలు. 2023లో వచ్చిన ఏబీసీ నిబంధనలు ఆపరేషన్, టీకా బాధ్యత స్థానిక సంస్థలదే అంటాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశం కూడా ఆపరేషన్, టీకా అయినవాటిని పట్టిన చోటనే వదలమంది, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా మీదపడేవాటిని తప్ప. గ్రామ పంచాయతీకి ఆపరేషన్ థియేటర్ ఎక్కడుంది? అది ప్రభుత్వాన్ని అడగాల్సిందే, అడుగుదాం. కానీ గుడి దగ్గర తిరిగే పది కుక్కల్లో ఎన్నిటికి తల్లి ఏదో ఒక రైతు కొట్టంలో ఈనిందో ఒకసారి లెక్కపెట్టుకుంటే, సగం పని ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. చట్టం కూడా ఆ లెక్క అడుగుతుంది. మన కుక్క కరవకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291, కుక్కను చంపితే 325.

జులై 6న జూనోసిస్ దినం, సెప్టెంబర్ 28న రేబిస్ దినం. ఆ రోజుల్లో పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. జనం ఎక్కువ ఉంటారు కాబట్టి పొద్దున్నే పోండి. తాడు పొట్టిగా పట్టుకోండి, మూతికి మెత్తని గుడ్డ పట్టీ కట్టండి. మన కుక్క వెంటే ఇంటి ముందు తిరిగే ఊరకుక్కను కూడా ఎక్కించుకుపోండి. డాక్టర్ ఇచ్చే చీటీ మీద తేదీ, టీకా పేరు రాయించుకుని ఆధార్ కాగితాలతో పాటు దాచిపెట్టుకోండి. ఆవులకు కరిచిన తర్వాత వేసే టీకా గురించి కూడా ఆ రోజే అడిగి తెలుసుకుని రండి.